మా మరిది బావిలో నేర్చిన సముద్రం

మా మరిది పోయాడు. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి కడుపు నిండా తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, ఈయన పలకడం ల్యా, ఒకసారి రా" అంది. వాళ్లుండేది మదనపల్లెలో మా వెనక వీధిలోనే. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి పరుగెత్తాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ముఖంలో ఏ బాధా లేదు. మీసం మీద కాస్త ఊరిబిండి అంటుకుని ఉంటే కొంగుతో తుడిచాను.

ఈ కబురు కోసం నేను ఎన్నో ఏళ్లుగా భయపడుతూ కూర్చున్నదాన్ని. అది అడవి నుంచి వస్తుందనుకున్నాను. తర్వాత సముద్రం నుంచి వస్తుందనుకున్నాను. ఇంట్లో ఫోన్ మోగితే చాలు, ఎవరు ఎత్తినా వాళ్ల ముఖంలోకి చూసేదాన్ని. చివరికి అది వెనక వీధి నుంచి, తిని పడుకున్న మంచం మీద నుంచి వచ్చింది. ఏడ్చాను, ఎందుకు ఏడవను? కానీ ఆ ఏడుపులోనే, మావాడిని ఎవరూ ఏమీ చేయలేకపోయారు కదా అని ఒక గర్వం లాంటిది కూడా వచ్చింది. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. నేను చదివింది అయిదో తరగతి వరకే. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మాది పుంగనూరు దగ్గర ఒక మెట్ట పల్లె. నేను కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చేసరికి మా అత్త లేదు. మా మరిది నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. నేనేమంత పెద్దదాన్ని కాదు గానీ, వాడికి బువ్వ పెట్టేది, తల దువ్వేది నేనే. బడికి పోతుంటే వీధి మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసేదాన్ని. కుక్క కరుస్తుందేమో, ఎద్దు పొడుస్తుందేమో, చింతచెట్టు ఎక్కి పడతాడేమో అని. వాడు మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, నేనింకా నిలబడే ఉన్నానా లేదా అని చూసుకుని నవ్వి పోయేవాడు. నాకు తెలిసి ఆ అలవాటు చివరిదాకా పోలేదు.

అలాంటి పిల్లవాడు పెరిగి పోలీసయ్యాడు. పోలీసయితే పోనీలే, స్టేషన్‌లో కూర్చుంటాడు అనుకున్నాను. తొంభైలు మొదలయ్యాక వాడిని ఏరి ప్రత్యేక దళంలోకి తీసుకున్నారు. నల్లబట్టలు కట్టుకునే దళం. ఎవడైనా ఆయుధం పట్టుకుని ఒక ఇంట్లో దూరి లోపలి వాళ్లను బెదిరిస్తుంటే మామూలు పోలీసులు ఇంటి చుట్టూ నిలబడతారట, ఈ దళం వాళ్లు తలుపు తీసుకుని లోపలికి పోతారట. అడవి డ్యూటీ కూడా వాళ్లకే. ఇది విన్నరోజు నాకు అన్నం సయించలేదు. అందరూ బయట నిలబడితే నువ్వు మాత్రం యాల లోపలికి పోవాలని అడిగాను.

"ఎవురో ఒగరు పోవాల కదా వదినా. నేనైతే తలుపు పగలగొట్టే ముందు గడియ పెట్టిండాదా లేదా సూస్తాను. ఆ మాత్రం తెలివి ఉండాది నాకు" అన్నాడు.

ఆ దళం పని ఎలా ఉంటుందో నాకు తెలిసింది ఒక కోతి వల్ల. అప్పటికి మా ఆయనకు టమాటా మండీలో పని దొరికి మేము మదనపల్లెలో కాపురం పెట్టాం. మా మరిది సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఒకరోజు పొద్దున్నే కోతి ఒకటి వంటింట్లో దూరి చెనక్కాయల డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. మా ఆయన కర్ర తీసుకుని అరవబోయాడు. మా మరిది వద్దన్నాడు. అరిస్తే అది బెదిరి మనిషి మీదికి దూకుతుంది అన్నాడు. మా ఆయనను, మా పిల్లలను, పాలు పోయడానికి వచ్చిన ఆమెను కూడా తలుపు పక్కన గోడకు ఆనించి ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాడు. ముందు తాను.

అప్పుడు చెప్పాడు ఆ పద్ధతి. లోపలికి పోయే ముందు మాట్లాడకూడదు. చివర నిలబడ్డ మనిషి వెనకంతా చూసుకుని, అంతా బాగుందనుకుంటే తన ముందున్నవాడి భుజం నొక్కాలి. వాడు తన ముందువాడి భుజం నొక్కుతాడు. అలా ఆ నొక్కు వెనక నుంచి ముందుకు వస్తుంది. అది తన భుజానికి అందేదాకా మొదటి మనిషి అడుగు వేయకూడదు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించేదాన్ని కాదు, మూలలు చూడాలి. ఆ రోజు నొక్కు వచ్చింది, మా మరిది లోపలికి పోయి ముందు రెండు మూలలూ చూశాడు, పక్కకు జరిగి కోతికి దారి వదిలాడు. కోతి పెద్దమనిషి తరహాగా డబ్బా వదిలేసి వెళ్లిపోయింది. పాలామె మాత్రం, "పోలీసాయప్ప భుజం పట్టుకోమన్నాడు, మా ఇంటాయనకు తెలిస్తే ఏమంటాడో" అని వీధంతా చెప్పుకుని నవ్వించింది.

అప్పటి నుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. సెలవు అయిపోయి డ్యూటీకి పోయేటప్పుడు మా మరిది సంచి తగిలించుకుని, గడప దగ్గర వీధి వైపు తిరిగి నిలబడేవాడు. నేను వెనక నిలబడి టికెట్టు ఉందా, మాత్రలు పెట్టుకున్నావా, నీళ్ల బాటిల్ మూత గట్టిగా తిప్పావా అని అడగవలసినవన్నీ అడిగేదాన్ని. అన్నిటికీ ఓపిగ్గా ఊఁ అనేవాడు. ఆఖరికి నేను భుజం నొక్కితేనే గడప దాటేవాడు. బస్సుకు ఆలస్యమవుతున్నా సరే. మా ఆయన విసుక్కునేవాడు. "వదిన చెయ్యి పడలేదు అన్నా, యెట్ల పోయేది" అనేవాడు మరిది.

అలవాట్లు చాలానే ఉండేవి మా మరిదికి. హోటల్‌కు పోతే వాకిలి కనిపించేలా గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. పెళ్లికి పోతే ముందు కల్యాణ మండపం వెనక తలుపు ఎక్కడుందో చూసి వచ్చి, తర్వాతే పెళ్లికూతురిని చూసేవాడు. ఇంట్లో ఏ గదిలోకి పోయినా మూలలు చూడటం మానలేదు. దానివల్ల నాకొక లాభం ఉండేది. ఎక్కడ ఏ వస్తువు పడిపోయినా ఆయనకు తెలిసేది. నా కళ్లద్దాలు ఎన్నిసార్లు వెతికి ఇచ్చాడో.

కుప్పంలో ఏనుగుల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగినదానికంతా అదే మూలం. మా తోడికోడలి పుట్టిల్లు రామకుప్పం వైపు, అడవి అంచున. ఒక ఏడాది రాగి చేను కోతకు వచ్చినప్పుడు అందరం పోయాం. చేనిలో గుడిసె దగ్గర మాటలు చెప్పుకుంటూ కూర్చుని ఉన్నాం. పొద్దు ఇంకా గూకలేదు. చేను అవతలి గట్టు మీద ఏనుగులు కనిపించాయి. ఒకటి కాదు, మంద. మా తోడికోడలి తల్లి డబ్బాలు కొడదామని లేచింది. పిల్లలు పక్కనే ఉన్నారు, ఇప్పుడు రెచ్చగొట్టొద్దు, మెల్లగా ఊరి దారి పడదాం అన్నాడు మా మరిది. అందరినీ వరసగా నిలబెట్టాడు. ముందు తాను, తర్వాత ఆ పెద్దామె, పిల్లలు, మా తోడికోడలు, మా ఆయన. అందరికంటే వెనక నన్ను.

వెనక ఉంటే ఏనుగు ముందు నన్నే కదా పట్టుకునేది అన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి చెవిలో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"భయపడే మనిషే వెనకాల ఉండాల వదినా. భయం లేనోడు వెనక్కి తిరిగి సూడడు. మా టీములో కూడా అంతే. నువ్వు సరే అంటేనే మేం కదిలేది. నువ్వు ఆగితే ఆగేది."

అలా నడిచాం. కొంచెం దూరం పోయి ఆగడం, నేను వెనకంతా చూసి మా ఆయన భుజం నొక్కడం, అది ముందుకు పోవడం, మళ్లీ కదలడం. ఒకచోట నా వెనక పొదల్లో ఏదో చప్పుడైంది. నేను నొక్కలేదు. మా ఆయన మెడ తిప్పి చూశాడు, అయినా నేను నొక్కలేదు. అందరూ అలాగే నిలబడ్డారు. నా వెనక పొదలోంచి వచ్చింది ఒట్టి గేదె. అది చూసి నాకే సిగ్గేసింది. కానీ మేం నిలబడి ఉన్న ఆ కాసేపట్లో, ముందు దారికి అడ్డంగా ఒక ఏనుగు పిల్ల చెవులు ఊపుకుంటూ దాటి తల్లి దగ్గరికి పోయింది. మేం ఆగకపోయి ఉంటే ఆ తల్లికీ పిల్లకూ నడుమ ఉండేవాళ్లం.

ఊరు చేరాక మా మరిది అందరికీ మా వదిన ఏనుగు పిల్లను కనిపెట్టింది అని చెప్పుకుంటున్నాడు. నేను పక్కకు పిలిచి, అది కాదప్పా, నేను గేదెకు భయపడి ఆగాను అని చెప్పేశాను. ఆయన నవ్వాడు. "యాల ఆగినావని అడిగేది మా పని కాదు వదినా. వెనక మనిషి ఆగితే ఆగడమే. అది రూలు" అన్నాడు.

నా భయాన్ని అంతకు ముందు ఎవరూ మెచ్చుకుని ఉండలేదు. మా అమ్మ తిట్టేది, మా ఆయన విసుక్కునేవాడు, పిల్లలు వెక్కిరించేవాళ్లు. మా మరిది ఒక్కడే దానికొక పని అప్పజెప్పాడు.

ఇంక సముద్రం సంగతి. రెండువేలు దాటి కొన్నేళ్లయ్యాక సముద్రం ఒడ్డున కొత్తగా పోలీసు స్టేషన్లు పెట్టి, వాటికి పడవలు ఇచ్చారు. సముద్రం మీద నుంచి దొంగతనంగా వచ్చేవాళ్లను కాపు కాయడానికి. అనుమానం వచ్చిన పడవల్లోకి, ఓడల్లోకి ఎలా ఎక్కాలో, లోపలి గదుల్లోకి ఎలా పోవాలో కుర్రవాళ్లకు నేర్పడానికి తలుపుల పని తెలిసిన పాత మనుషులు కావాలన్నారు. మా మరిది పేరు ఇచ్చేశాడు. అప్పటికి ఆయనకు నలభై వచ్చాయి. పొట్ట కూడా కొంచెం వచ్చింది. అక్కడికి పోయాక ఒక నీళ్ల పరీక్ష ఉంటుందట. అది దాటితే సముద్రం పని. దాటకపోతే దళంలోంచి తీసేసి ఏదో ఒక ఆఫీసు గేటు ముందు కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూశాను. గేటు ముందు కూర్చోవడం ఆయనకు చావు కంటే కష్టమని నాకు అర్థమైంది.

పోయే రోజు వచ్చింది. సంచి తగిలించుకుని గడప దగ్గర నిలబడ్డాడు. నేను నొక్కలేదు.

బస్సు టైమవుతోందని మా ఆయన అన్నాడు. నేను చెయ్యి కొంగులో దాచుకుని నిలబడ్డాను. కోపంగా వెళ్లిపోతాడేమో, రూలు గీలు పక్కన పెట్టేస్తాడేమో అనుకున్నాను. ఆయన సంచి దించి గడప మీద కూర్చున్నాడు.

"సెప్పు వదినా. ఏమేమి భయమో అన్నీ సెప్పు. ఒగటి కూడా దాచద్దు" అన్నాడు.

చెప్పాను. పడవ బోల్తా పడితే అన్నాను. పడవలో గాలి నింపిన చొక్కాలు ఇస్తారన్నాడు. సొరచేప కరిస్తే అన్నాను. అది కూడా పోలీసులంటే భయపడుతుందిలే అన్నాడు. దాహమేస్తే, చుట్టూ అన్ని నీళ్లు పెట్టుకుని తాగడానికి లేకపోతే ఎలా అన్నాను. బాటిల్ మూత గట్టిగా తిప్పుకుంటానన్నాడు. వాంతులైతే నిమ్మకాయ వాసన చూస్తానన్నాడు. ఇలా చాలాసేపు జరిగింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరికి, నీకు ఈత వచ్చా అని అడిగాను.

ఆయన వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఈత రాదు.

మా పల్లెలో పుట్టినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఆయన పిల్లవాడిగా ఉన్నప్పుడు మా బావిలో అడుగున బురద తప్ప నీళ్లు చూసిన గుర్తు నాకు లేదు. అడవి డ్యూటీలో ఏరు అడ్డం వస్తే తాడు కట్టి దాటించేవాళ్లట. ఇన్నేళ్లూ ఆ ఒక్కటి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నీళ్ల పరీక్షకు ఈత అక్కడికి పోయాక నేర్చుకోవచ్చులే అనుకున్నాడట.

"వెనక మనిషి ఆగింది. ఆగడమే" అన్నాడు మెల్లగా. లేచి పోయి పైవాళ్లకు ఫోన్ చేసి, ఎలాగో కొన్ని రోజులు గడువు అడిగి తెచ్చుకున్నాడు.

ఆ ఏడు అదృష్టం కొద్దీ వానలు బాగా పడ్డాయి. పల్లెలో మా బావి సగం దాకా నిండిందని కబురు తెలిసింది. అందరం పల్లెకు పోయాం. ఈత నేర్పింది ఎవరనుకున్నారు? మా ఆయనే. ఆయన చిన్నప్పుడు బావిలో నీళ్లుండేవట. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ అనే మనిషి, పంచె గోచీ బిగించి నీళ్లలోకి దిగేసరికి వేరే మనిషి అయిపోయాడు. నీళ్లలో తేలేలా ఎండిన కిత్తలి కాడల బెండ్లు తమ్ముడి వీపుకు కట్టి దింపాడు. అన్నకు పొట్ట, తమ్ముడికి పొట్ట. నేను తమ్ముడి నడుముకు మోకు కట్టి, దాని కొస రెండు చేతులతో పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను.

బట్టలు ఉతకడానికి వచ్చిన ఆడవాళ్లు అక్కడే ఆగిపోయారు. "ఏం మా, పోలీసాయప్పను తాడేసి కట్టి బాయిలో దించిండారు, ఏం దొంగతనం సేసినాడు?" అని ఒకామె. "వాళ్ల వదిన దగ్గర సంగటి దొంగిలించినాడంట" అని ఇంకొకామె. ఆయన నీళ్లు మింగుతూనే నవ్వేవాడు, నవ్వేసరికి మళ్లీ మునిగేవాడు. మునిగినప్పుడల్లా నేను మోకు లాగేసేదాన్ని. లాగితే వెళ్లి గోడకు కొట్టుకునేవాడు.

"వదినా, నన్ను ముంచేది నీళ్లు కాదు, నువ్వు. ఆ తాడు రోంత వదులు" అని బతిమాలాడు. నేను వదల్లేదు. మా ఆయన వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి తాడు తీసుకున్నాడు.

రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేశారు. బావి గుండ్రం కదా, గోడ పక్కన వలయంగా ఈదడమే. మా ఆయన నీళ్లలో నిలబడి, "కాళ్లాడించు. ఇంగొక సుట్టు" అనేవాడు. చుట్టు మీద చుట్టు. పరీక్షలో బూట్లు, యూనిఫారం వేసుకుని, తుపాకీ తగిలించుకుని దూకాలట. ఆఖరి రోజు పాత యూనిఫారం, బూట్లు వేసుకున్నాడు. తుపాకీకి బదులు మా అత్త కాలం నాటి రోకలి వీపుకు కట్టుకున్నాడు. ఊరంతా బావి చుట్టూ చేరింది. ఆయన గట్టు మీద నిలబడి దూకలేదు. నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను పోయి, మోకు ముడి చూసి, రోకలి కట్టు చూసి, బూటు తాళ్లు చూసి, కళ్లు మూసుకుని భుజం నొక్కాను. దబ్బున శబ్దం వచ్చింది. కళ్లు తెరిచేసరికి రోకలి ఒకవైపు, ఆయన ఒకవైపు తేలుతున్నారు. కట్టు ఊడింది గానీ మనిషి మునగలేదు. ఆడవాళ్లు ఈల వేయడం నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

తర్వాత రెండు రోజులకు గడప దాటి పోయాడు. ఈసారి నొక్కాను. అడిగే ప్రశ్నలు కూడా తగ్గించాను.

సముద్రంలో ఏమైందో సెలవుకు వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. చెబుతూ చెబుతూ కింద కూర్చుని నవ్వాడు. పరీక్షలో పడవ మీద నుంచి దూకి, దూరంగా జెండా కట్టిన తేలుడు పీపా దాకా నేరుగా ఈది, దాన్ని తాకి రావాలి. అందరూ నేరుగా పోయారు. మా మరిది దూకాడు, బాగానే తేలాడు, ఈదడం మొదలుపెట్టాడు, ఎడమకు తిరిగాడు. తిరుగుతూనే ఉన్నాడు. పడవ చుట్టూ ఒక చుట్టు వచ్చాడు. పీపా ఎక్కడో ఉంది, ఈయన ఎక్కడో ఉన్నాడు. నేర్పే అధికారి కోస్తా మనిషి. పడవ అంచు నుంచి వంగి, "ఎవరయ్యా నువ్వు, గానుగెద్దులా తిరుగుతున్నావు?" అని కేకేశాడట.

ఈయన నీళ్లలోంచే సెల్యూట్ చేసి, "మాది పుంగనూరు సార్. మా ఊళ్లో నీళ్లు గుండ్రంగా ఉంటాయి సార్" అన్నాడట.

పడవలో వాళ్లంతా నవ్వి నవ్వి ఆపలేకపోయారట. అయినా ఆయన వదల్లేదు. చుట్టు పెద్దది చేసుకుంటూ, పెద్దది చేసుకుంటూ పోయి చివరికి పీపాను తాకాడు. అందరికంటే ఎక్కువ దూరం ఈదింది ఆయనే. అలుపు కూడా రాలేదట, మా ఆయన తిప్పిన చుట్లు అలాంటివి. పరీక్ష దాటాడు. అప్పటి నుంచి అక్కడ ఆయన్ని 'బావి సారు' అనే పిలిచేవారు.

ఇళ్లలో దూరిన పద్ధతే పడవల మీదా పనికొచ్చిందని చెప్పేవాడు. తమ పడవను అవతలి దాని పక్కకు చేర్చి, తాళ్ల నిచ్చెన కొక్కెం తగిలించి, ఒకరి వెనక ఒకరు. అలలు ఊపుతున్నా సరే, వెనక నుంచి నొక్కు వచ్చేదాకా మొదటివాడు నిచ్చెన మీద కాలు పెట్టకూడదు. కుర్రవాళ్లకు మొదటి రోజే అడిగేవాడట, మీలో బాగా భయపడేది ఎవరు అని. ఎవరూ చెయ్యి ఎత్తకపోతే, మా వదినను పిలిపిస్తానని బెదిరించేవాడట. ఎత్తినవాడిని వెనక నిలబెట్టి, ఈ రోజు మన ప్రాణాలు వీడి చేతిలో ఉన్నాయి అనేవాడట. నేను కుప్పం ఏనుగుల దగ్గర నిలబడ్డ చోట ఇప్పుడు ఎవరో కుర్రవాడు నిలబడి ఉన్నాడనుకుంటే నాకు నవ్వూ వచ్చేది, వాడి గురించి దిగులూ వచ్చేది.

ఒకసారి తెల్లవారుజాము మంచులో, దీపం లేకుండా ఊరికే కొట్టుకుపోతున్న పడవ కనిపించిందట. పిలిస్తే పలుకు లేదు. అంతా సిద్ధమై, తుపాకులు పట్టుకుని, నొక్కు అందుకుని ఎక్కారు. మూలలు చూశారు. లోపల నలుగురు బెస్తవాళ్లు, ఇంజను చెడిపోయి, బ్యాటరీ అయిపోయి, అలిసి నిద్రపోతున్నారు. లేచి, వీళ్లను చూసి బెదిరి, తేరుకుని, పొయ్యి వెలిగించి చేపల పులుసు పెట్టారట. "తుపాకి పట్టుకోని ఎక్కినాం వదినా, గిన్నె పట్టుకోని దిగినాం" అన్నాడు. ఆయన చెప్పిన సముద్రం కథలన్నీ ఇంచుమించు ఇలాగే ముగిసేవి. ఇలా ముగియనివి కూడా ఉండే ఉంటాయి. అవి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. నా భయాలన్నిటికీ జవాబు చెప్పిన మనిషి, కొత్త భయాలు నాకు తెచ్చి ఇవ్వకుండా చూసుకున్నాడు.

ఒక సెలవుకు బాటిల్‌లో సముద్రం నీళ్లు తెచ్చాడు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చూశాను, నిజంగానే ఉప్పు. గంగమ్మ కదా, పారబోయడానికి మనసొప్పక పెరట్లో కరివేపాకు చెట్టుకు పోశాను. చెట్టు చచ్చిపోయింది. "సముద్రం మీద నేను ఒగ చెట్టును కూడా చంపల్యా, నువ్వు ఇంట్లో కూర్చుని చంపేసినావు" అని ఎన్ని ఏళ్లు ఎగతాళి చేశాడో. మరుసటి సెలవుకు కొత్త మొక్క తెచ్చి తనే నాటాడు. ఇప్పుడు మా ఇంట్లో పోపులో వేసేది ఆ చెట్టు ఆకే.

ఉద్యోగం నుంచి దిగాక వారానికి ఒకసారి పల్లెకు పోయి, నీళ్లున్న ఏళ్లలో ఆ బావిలోనే ఊరి పిల్లలకు ఈత నేర్పాడు, ఆడపిల్లలకు కూడా. గోడ పక్కన ఈదనిచ్చేవాడు కాదు. ఈ చివరి నుంచి ఆ చివరికి, నడిమధ్యలో నేరుగా పోవాలి. "గోడ ఎంబడి పోతే బాయి వస్తాది, నడుమ పోతే సముద్రం వస్తాది" అనేవాడు. తాను మాత్రం చివరిదాకా చుట్టే తిరిగేవాడు. మా ఆయన నేర్పింది మార్చుకుంటే అన్నకు బాధగా ఉంటుందేమో అని నాతో ఒకసారి అన్నాడు.

చివరి రోజు చెప్పి ముగిస్తాను. ఆయన పాత దళం వాళ్లు, సముద్రం దగ్గర పనిచేసిన వాళ్లు చాలామంది వచ్చారు. నేను నల్లబట్టల్లో ఊహించుకుని ఇన్నాళ్లూ భయపడిన మనుషులు తెల్లచొక్కాల్లో, నెరిసిన జుట్టుతో, మోకాళ్ల నొప్పులతో వచ్చి మా మరిది వాకిట్లో చెప్పులు విడిచారు. నీళ్లు గుండ్రంగా ఉంటాయన్న మాట అందరికీ తెలుసు. ఎవరో అది ఎత్తేసరికి, ఏడుస్తున్న మా తోడికోడలు కూడా నవ్వేసింది.

పాడె ఎత్తారు. ముందు ఆయన కొడుకు నిప్పుకుండ పట్టుకుని ఉన్నాడు. వాళ్లంతా పాడెను భుజాల మీదికి తీసుకుని, గడప ముందు వీధి వైపు తిరిగి నిలబడ్డారు. కదల్లేదు. అందరికంటే వెనక, పాడె కొసకు చెయ్యి ఆనించి, మా ఆయన నిలబడ్డాడు. ఎందుకు ఆగారో నాకు అర్థం కాలేదు. ఎవరో ఏదో మరిచిపోయారేమో అని లోపలికి చూడబోయాను. మోస్తున్న వాళ్లలో ఒకాయన, మెడ తిప్పకుండానే అన్నాడు.

"వదినమ్మా, మీరు చెప్పాల."

వాకిట్లో ఆడవాళ్లందరూ నావైపు చూశారు. నేను పోయి వెనక నిలబడ్డాను. వీధిలోకి చూశాను, ఆటోలు ఆగి ఉన్నాయి. ఆకాశం చూశాను, వాన లేదు. పాడె కట్లు ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని చూశాను, రోకలి కట్టు కంటే గట్టిగానే ఉన్నాయి. చివర మోస్తున్న ఆయన తువ్వాలు కాళ్లకు తగిలేలా జారుతుంటే దోపాను. వాళ్లు అలా బరువు మోస్తూ నిలబడే ఉన్నారు, ఒక్కరూ తొందర చేయలేదు. అడగడానికి ఇంకా ఏమైనా మిగిలిందా అని వెతుక్కున్నాను. ఏమీ మిగల్లేదు. నాకు జ్ఞాపకం ఉన్నంతలో, ఏ భయమూ లేకుండా నేను నిలబడింది ఆ ఒక్కసారే.

మా ఆయన భుజం నొక్కాను. ఆయన తన ముందు మనిషి భుజం నొక్కాడు. ఆ మనిషి తన ముందు మనిషిని. ఆ నొక్కు పాడె పక్కనుంచి, మా మరిది పక్కనుంచి ముందుకు పోవడం నాకు కనిపిస్తూనే ఉంది. కొడుకు భుజానికి అందింది. వాడు అడుగు వేశాడు.

వీధి మలుపు దాకా చూస్తూ వాకిట్లో నిలబడ్డాను. మలుపు దగ్గర ముందున్న వాళ్లు ఒక్క క్షణం ఆగి, తలలు తిప్పి మూల చూసుకుని, అప్పుడు తిరిగారు.